డిశ్చార్జి రోజున మీ హక్కులు: తరచూ అడిగే ప్రశ్నలు

బిల్లు పూర్తిగా కట్టలేకపోతే పేషెంటును ఆపేయొచ్చా?

ఆపకూడదు. డబ్బు దగ్గర పేచీ వచ్చిందని మనిషిని గానీ, మృతదేహాన్ని గానీ అట్టిపెట్టుకోకూడదని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ దాన్ని అమలు చేయమని రాష్ట్రాలను కోరింది. అయితే ఆ పత్రమే ఒక చట్టం కాదు. బిల్లింగ్ కౌంటర్లో చూపించగానే పని అయిపోతుందనుకోవద్దు. జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బాకీ మాత్రం మాఫీ కాదు.

ఇన్సూరెన్స్ అప్రూవల్ రాలేదని సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఎవరిని అడగాలి?

ముందు ఆసుపత్రినే అడగండి: రిక్వెస్టు ఎన్నింటికి పంపారు? అది అందిన 3 గంటల్లో బీమా కంపెనీ తేల్చాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా బిల్లు వేస్తే, ఆ ఖర్చు కంపెనీదే.

కేస్ షీట్ కాపీ ఇస్తారా?

అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. జిరాక్స్ డబ్బులు మీవి.

డిశ్చార్జి సమ్మరీ అంతా ఇంగ్లిషులో ఉంది. మందులెలా వాడాలో ఎవరు చెబుతారు?

మీకు తెలిసిన భాషలో చెప్పించుకోవడం మీ హక్కు. మొహమాటపడాల్సిన చోటు కాదిది. ‘అర్థమైందా?’ అని నర్సమ్మ అడిగితే అందరం తలూపేస్తాం. బ్యాగులు సర్దేసి, ఆటో పిలిచేసి ఉంటాం మరి. తలూపకుండా మీరే తిరిగి చెప్పండి: ‘ఇది పొద్దున పరగడుపున, ఇది రాత్రి అన్నం తిన్నాక, ఇది నొప్పి ఉంటేనే. అంతేనా?’ తప్పుంటే అక్కడే బయటపడుతుంది. కాగితం మీద ఓడీ అంటే రోజుకోసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే.

ఇంట్లో వాడే పాత మందులన్నీ ఒక కవర్లో వేసుకెళ్లి చూపించండి. బీపీకి ఇంట్లో ఒక కంపెనీ టెల్మిసార్టాన్ ఉంటుంది, ఆసుపత్రిలో ఇంకో కంపెనీది రాస్తారు. పేర్లు వేరు, లోపలి మందు ఒకటే. రెండూ మింగితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మందు అసలు పేరు అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని డాక్టర్లకు ఉన్న నియమం ఇలాంటి చోటే పనికొస్తుంది.

మందులు ఆసుపత్రి షాపులోనే కొనాలా?

అక్కర్లేదు. ప్రభుత్వ పథకంలో చికిత్స అయితే అసలు కొనే పనే ఉండకపోవచ్చు: ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు, ఆయుష్మాన్ భారత్‌లో 15 రోజులవి కలిసే ఉంటాయి. వాళ్లంతట వాళ్లు ఇవ్వకపోతే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర డెస్కులో అడగండి.

ఇంటికెళ్లాక అర్ధరాత్రి ఏదైనా అయితే?

ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలో సమ్మరీలో రాయించుకోండి: ఎంత జ్వరం, కుట్ల దగ్గర ఎలాంటి చీము, ఎంత ఆయాసం. పక్కనే ఫోన్ నంబరు కూడా. రిసెప్షన్ నంబరు రాసిస్తే, రాత్రి 2 గంటలకు దాన్ని ఎవరెత్తుతారో అడిగి, ఎత్తేవాళ్ల నంబరే తీసుకోండి.