పాలు విడిచిన పిల్ల

(పాఠ్యభాగములు: ఆదికాండము 21:8–21, 1 సమూయేలు 1:19–28, 2:18–21, కీర్తన 131)

ఈ మాసపు పాఠమునకు పైనున్న భాగములను ముందుగా ఇంటిలో ఒకరు పెద్దగా చదువగా మిగిలినవారు వినుడి. తల్లికి చదువు రాని ఇండ్లలో బడికి పోవు పిల్లలచేత చదివించుకొనుడి. కీర్తన మూడే వచనములు గనుక దానిని చివరకు ఉంచుకొనుడి.

కాలువలకు నీళ్లు వదలిరి. ఆకుమడులు పచ్చబడినవి. కొద్ది దినములలో నాట్లు మొదలగును. నడక వచ్చి మాట పూర్తిగా రాని పిల్లలున్న తల్లికి ఈ కాలము ఎట్టిదో మీకు చెప్పనక్కరలేదు. చంటిబిడ్డయైతే గట్టున చెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి పండుకొనబెట్టవచ్చును. అయిదేండ్లవాడైతే తోటిపిల్లలతో ఆడుకొనును. ఏడాదిన్నర, రెండేండ్లవాడు ఉయ్యాలలో నుండడు, గట్టుమీద నుండడు, నీళ్లున్న వైపే పరుగెత్తును. అందుచేత చాల ఇండ్లలో నాట్లకు ముందే వానికి పాలు మాన్పింపవలెనను ఆలోచన పుట్టును. తల్లి మరల గర్భవతియైనచో ఇక అడుగనే అక్కరలేదు. ఒకరు వేపాకు నూరి పూయుమందురు, ఒకరు కలబంద రసమందురు, మరియొకరు పిల్లవానిని పది దినములు అమ్మమ్మగారింటికి పంపివేయుమందురు. ఈ మూడును ఒకేసారి చేసినవారు కూడ ఉన్నారు. వారిలో నేనొకతెను. ఆ సంగతి తరువాత చెప్పెదను.

పాలు మాన్పించుట వంటింటి సంగతి గదా, దీనిని గూర్చి బైబిలులో ఏమున్నదని మీరనవచ్చును. ఆదికాండము చూడుడి. ఇస్సాకు పుట్టిన దినమున అబ్రాహాము విందు చేసెనని వ్రాయబడలేదు. ఎనిమిదవ దినమున సున్నతి చేయించినప్పుడును విందుమాట లేదు. పిల్లవాడు పాలు విడిచిన దినమున మాత్రము గొప్ప విందు చేసెను. ఆ కాలములో బిడ్డ పుట్టుట ఒక యెత్తు, పాలు విడుచువరకు బ్రదుకుట మరియొక యెత్తు. ఆ గండము దాటిన బిడ్డ ఇక ఇంటివారితో కూర్చుండి రొట్టె తినును. అందుకే ఆ సంతోషము.

ఇక్కడ హెబ్రీ మాట ఒకటి తెలిసికొనదగినది. మన తెలుగులో పాలు మానుట, విడుచుట అందుము. రెండును పోగొట్టుకొను మాటలే. హెబ్రీలో ఆ క్రియ ‘గామల్’. సంఖ్యాకాండము 17వ అధ్యాయములో అహరోను కఱ్ఱకు బాదము కాయలు పండెనని చెప్పుచోట ఇదే క్రియ. యెషయా 18వ అధ్యాయములో ద్రాక్షకాయ పక్వమగుచున్నదని చెప్పుచోటను ఇదే. అనగా ఆ భాష మాటలాడిన తల్లులకు పాలు విడిచిన పిల్ల పండిన పిల్ల. మామిడికాయను పచ్చిగా కోసి గడ్డిలో మాగవేయుట మీకు తెలియును. చెట్టున పండినదాని రుచియు తెలియును.

ఇస్సాకు ఎన్ని నెలలకు పాలు విడిచెనో గ్రంథము చెప్పదు. మన బైబిలులో చేరని మక్కబీయుల రెండవ గ్రంథములో, 7వ అధ్యాయమున, ఒక తల్లి తన కడగొట్టు కుమారునికి మూడేండ్లు పాలిచ్చితినని చెప్పును. యూదా ఇండ్లలో అట్టి వాడుక ఉండెనని దీనివలన తెలియుచున్నది.

హన్నా సంగతికి వత్తము. ఆమె ఏడ్చి అడిగి పొందిన బిడ్డ సమూయేలు. బిడ్డ పుట్టిన తరువాత ఎల్కానా ఇంటివారినందరిని వెంటబెట్టుకొని షిలోహుకు ఏటేట చేయు బలి నిమిత్తము బయలుదేరెను. హన్నా పోలేదు. బిడ్డ పాలు విడుచువరకు తాను రాననియు, విడిచిన తరువాత వానిని తీసికొనివచ్చి యెహోవా సన్నిధిలో ఉంచెదననియు చెప్పెను. మ్రొక్కుకొన్నది ఆమెయే. మ్రొక్కుబడి చెల్లించుటకు తొందరపడనిదియు ఆమెయే.

మగవారు ఎల్కానా మాటను గమనింపవలెను. భార్య చేసిన మ్రొక్కుబడిని రద్దుచేయు అధికారము భర్తకు కలదని సంఖ్యాకాండము 30వ అధ్యాయమున ఉన్నది. అట్టి అధికారమున్నవాడు ఆమెను బలవంతపెట్టలేదు, బంధువులు ఏమనుకొందురో అని అనలేదు. నీకు మంచిదని తోచినట్టు చేయుము, పాలు విడుచువరకు ఉండుము అని చెప్పి, దేవుడు తన మాట స్థిరపరచునుగాక అని కోరి, తాను వెళ్లెను. మన సంఘములలో చంటిపిల్లల తల్లి రెండు ఆదివారములు రాకపోయినచో ఎన్ని మాటలు పుట్టునో! కన్వెన్షను దినములలో అయితే మరీ ఎక్కువ. షిలోహు పండుగకు రాని హన్నాను బైబిలు ఎక్కడను తప్పుపట్టలేదు.

ఇప్పుడు నా సంగతి. 1989వ సంవత్సరము జూలై మాసము. మా పెద్దవానికి అప్పటికి ఏడాదిమీద ఏడు నెలలు. నాకు మరల అయిదవ నెల. నాట్లు ముంచుకొనివచ్చినవి. కడుపుతోనున్న తల్లి పాలు పిల్లవానికి పడవని మా అత్తగారు చెప్పిరి. ఆమె మంచి మనస్సుతోనే చెప్పినది, నేను తప్పుపట్టను. వేపాకు నూరి పూసికొంటిని. మొదటి రాత్రి వాడు నోరు పెట్టి వెంటనే తీసివేసి నా మొగమువైపు చూచెను. ఏడ్చినయెడల నేను ఓర్చుకొందునేమో. ఆ చూపు ఓర్చుకొనలేకపోతిని. మూడవ దినమున మా తమ్ముడు వచ్చి వానిని మా అమ్మగారి ఊరికి బస్సులో తీసికొనిపోయెను. బస్సు కనబడకుండ నేను పెరటిలో దాగుకొంటిని. పెద్దలు అట్లు చేయుమనిరి.

పండ్రెండు దినములకు తీసికొనివచ్చిరి. చిక్కిపోయెను. గుమ్మములో మా అమ్మ చీర పట్టుకొని నిలిచెను. రమ్మని చేతులు చాచితిని. రాలేదు. వాడు పాలు అడుగలేదు. నన్నును అడుగలేదు. ఇంటిలో అందరు, చూచితివా, ఎంత సుళువుగా మరచిపోయెనో అని సంతోషించిరి. నేను వంటింటిలోనికి పోయి పొయ్యి ఊదుచు ఏడ్చితిని. వాడు మరల నా ఒడిలోనికి వచ్చుటకు చాల దినములు పట్టెను. ఈలోగా చెల్లెలు పుట్టినది, ఒడి దానిదైపోయినది. వాడు చెడిపోలేదు, మందబుద్ధి కాలేదు, ఇప్పుడు నాతో బాగుగానే మాటలాడును. కాని ఆ గుమ్మము నా కన్నులలోనుండి పోలేదు.

ఇప్పుడు కీర్తన 131 తీయుడి. ఇది 120 మొదలు 134 వరకు గల పదునైదు యాత్రకీర్తనలలో ఒకటి. దావీదు తన హృదయము అహంకారము గలది కాదనియు, తనకు మించిన సంగతులయందు తాను అభ్యాసము చేయుట లేదనియు చెప్పి, తన ప్రాణమును నిమ్మళపరచుకొంటినని ఒక పోలిక తెచ్చును. అది ఏ పిల్ల పోలిక? బోధకులనేకులు ఇక్కడ పాలు త్రాగుచున్న చంటిబిడ్డను చూపుదురు. నేనును చాల ఏండ్లు అట్లే వింటిని. గ్రంథములోనున్నది చంటిబిడ్డ కాదు, పాలు విడిచిన పిల్ల. చంటిబిడ్డ తల్లియొద్దకు వచ్చునది పాలకొరకు. వాసన తగిలినచాలు కొంగు లాగును, కాళ్లు తన్నును. పాలు విడిచిన పిల్ల అదే ఒడిలో ఏమియు అడుగక కూర్చుండును. పాలు లేకపోయినను తల్లి ఉన్నదని దానికి తెలిసినది. దావీదు దేవునియొద్ద అట్లు కూర్చుండెను.

ఆ పోలికలో పాలు పోయినవి, తల్లి పోలేదు. నేను నా బిడ్డకు రెంటిని ఒకే దినమున తీసివేసితిని. ఈ కీర్తనను ఎన్నిమారులో కంఠతా చెప్పిన నేను ఆ జూలై మాసములో దానిని తలంచుకొనలేదు.

అబ్రాహాము ఇంటి విందులో మరియొక సంగతి ఉన్నది, దానిని దాటిపోరాదు. ఆ విందులో ఒక పెద్ద కుమారుడు ప్రక్కన నిలిచియుండెను. ఇష్మాయేలు పుట్టినప్పుడు అబ్రాహామునకు 86 ఏండ్లు, ఇస్సాకు పుట్టినప్పుడు 100. కాబట్టి ఇష్మాయేలు అప్పటికి పదునైదేండ్లు దాటినవాడు. అన్నేండ్లు ఆ ఇంట ఒక్కడే బిడ్డగా పెరిగినవాడు. వాడు పరిహసించుట శారా చూచెను. దాని ఫలితము మీకు తెలిసినదే: తెల్లవారుజామున రొట్టెయు నీళ్ల తిత్తియు హాగరు భుజముమీద పెట్టి పంపివేయుట, బెయేర్షెబా అరణ్యము, పొద క్రింద పడవేయబడిన చిన్నవాడు. దేవుడు ఆ చిన్నవాని మొఱ్ఱ వినెను. ఇష్మాయేలు అను పేరుకే దేవుడు వినునని అర్థము. శారాను గూర్చి తీర్పు చెప్పుట నా పని కాదు. ఒకని పండుగ మరియొకనికి వెళ్లగొట్టబడుట కావచ్చునని మాత్రము ఆ అధ్యాయము చూపుచున్నది.

ఇది కథ మాత్రమే కాదు. సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు పశ్చిమాఫ్రికాలోని గోల్డ్ కోస్టులో, అనగా నేటి ఘానా దేశములో, పనిచేయుచు 1933లో ఒక పిల్లల జబ్బును గూర్చి వ్రాసెను. పాదములు, మొగము వాచును. జుట్టు రంగు మారును, చర్మము పొరలుగా ఊడును, పిల్ల ఆడదు, నవ్వదు. అక్కడి గా భాషలో తల్లులు దానికి పెట్టుకొన్న పేరు క్వాషియార్కర్. తరువాతి బిడ్డ వచ్చుటచేత చోటు పోగొట్టుకొన్న పిల్లకు వచ్చు జబ్బు అని దాని భావమని ఆమె తెలిపెను. మాంసకృత్తుల కొరతయే కారణమని మొదట తలంచిరి. మొత్తము ఆహారపు కొరతయు, విరేచనములు మొదలగు రోగములును కలిసియున్నవని తరువాత తెలిసినది. మన దేశములోను ఈ జబ్బు విస్తారముగా ఉండెను. 1958లో కూనూరునుండి హైదరాబాదుకు వచ్చిన పోషకాహార పరిశోధనశాలలో డాక్టరు గోపాలన్ మొదలగువారు దీనిమీద ఎంతో పనిచేసిరి. ఇప్పుడు మునుపటంత కనబడకపోయినను, తూకము తగ్గిన పిల్లలు మన పేటలలో నేటికిని ఉన్నారు.

కాబట్టి తెలిసికొనవలసినది ఇది. ఆరు నెలలవరకు తల్లిపాలు తప్ప మరేమియు వద్దు, ఆ తరువాత తినుబండారములతోకూడ రెండేండ్లవరకు, తల్లి బిడ్డ కోరినయెడల అటుతరువాతను, పాలియ్యవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రెండవ యేట కూడ బిడ్డకు కావలసిన బలములో మూడవవంతువరకు తల్లిపాలే ఇయ్యగలవు. గర్భిణి పాలు విషమగునను మాట నిజము కాదు. నెలలు నిండుకొలది పాలు తగ్గును, రుచి మారును, కొందరు పిల్లలు తామే విడుతురు. అయితే మునుపు గర్భము పోయినవారును, రక్తము కనబడినవారును వైద్యుని అడుగక చేయరాదు. మాన్పింపవలసివచ్చినచో పగటి పాలు ఒకటి తగ్గించి, దానికి అలవాటుపడిన కొన్ని దినములకు మరియొకటి తగ్గించి, రాత్రి పాలు చివరకు ఉంచుడి. తీసిన ప్రతి పాలకు బదులు గిన్నెలో ఏదైన ఉండవలెను. వేయించిన గోధుమలు 40 గ్రాములు, పుట్నాలపప్పు 16, వేరుసెనగలు 10, బెల్లము 20, ఈ పాళ్లలో పొడిచేసి ఉంచుకొన్నచో వేడినీళ్లలో కలిపి పెట్టవచ్చును. మెత్తగా విసరవలెను, పలుకులున్న గొంతుకు అడ్డుపడును. అంగన్‌వాడీలో ఏడు నెలలు మొదలు మూడేండ్లవరకు పిల్లలకిచ్చు బాలామృతమును తెచ్చుకొనుడి. దానిని గేదెకు పెట్టిన ఇల్లు ఒకటి నేనెరుగుదును, ఆ ఇంటివారు ఈ పత్రిక చదువుదురు.

ఈ యేడు మా ఇంటిలో మరల అదే కాలము వచ్చినది. ఆ గుమ్మములో నిలిచినవానికి ఇప్పుడు ఇరువది నెలల కూతురున్నది. కోడలికి వచ్చే నెల కాన్పు. వేపాకు మాట ఎవరో ఎత్తగా వాడు ఏమియు అనక నావైపు చూచెను. నేను ఈసారి నాట్లకు పోలేదు. నాకు రావలసిన కూలి పోయినది, పోనిమ్ము. పగటి పాలు వేసవిలోనే ఒక్కొక్కటిగా తగ్గించిరి. రాత్రులు వాడే బిడ్డను రొమ్ముమీద వేసికొని నులకమంచముమీద పండుకొనును. మొదటి వారము బిడ్డ వానిని గిచ్చి, గోకి, నిద్ర లేకుండ చేసినది. అమ్మ అదే గదిలో ప్రక్క మంచముమీద పండుకొని చేయి చాచి దాని పాదము పట్టుకొనియుండెడిది.

మొన్న రాత్రి పెద్ద వాన కురిసెను. ఉరుముకు బిడ్డ లేచి, తండ్రి మంచము దిగి, చీకటిలో తడవుకొనుచు తల్లి ప్రక్కకు చేరెను. ఇక పాలకు ఏడ్చునని నేను లేచి కూర్చుంటిని. అది తల్లి చేయి తీసి తన మెడమీద వేసికొని నిద్రపోయెను.