పానా తగలని బండి



మనవడా, అమలాపురం మెకానిక్ షెడ్డులో పని బాగానే వంటబడుతోందని మీ అమ్మ చెప్పింది. ఓనర్ల గోల మాత్రం అంతుబట్టడం లేదని రాశావు. ఒకాయన తన బండికి పదేళ్ళుగా పానా తగల్లేదంటాడు. అదే కంపెనీ, అదే మోడలు బండి ఇంకొకాయనది నెల తిరక్కుండా షెడ్డు గుమ్మం ఎక్కుతుంది. ఎవరి మాట నమ్మాలని అడిగావు. ఇద్దరి మాటా నమ్మాలి. ఇద్దరూ బండి పేరు పెట్టి మాట్లాడుతున్నా, అందులో సగం ఆ బండి తిరిగిన దారి కథ, మిగతా సగం దాన్ని తిప్పిన మనిషి కథ. వాటిని విడదీసి వినడం పానా పట్టుకోవడం కన్నా ముందు రావలసిన విద్య.

మురమళ్ళ సెంటర్లో సాయంత్రం టీ కొట్టు ముందు నాలుగు కార్లు ఆగితే ఐదు వాదనలు లేస్తాయి. వీరేశ్వరస్వామి గుళ్ళో కల్యాణం చేయించుకుని తిరిగి వెళ్తున్న పొరుగూరి పెళ్ళివారు కూడా ఒక్కోసారి అందులో చిక్కుకుంటారు. రొయ్యల రైతుకి బొలేరో తప్ప మిగతావన్నీ బొమ్మలే. స్కూలు మాస్టారు వ్యాగన్ఆర్ మైలేజీ చెప్పడం మొదలుపెడితే పాయింటు తర్వాతి అంకెలు కూడా వదలరు. కువైట్‌లో చాలాకాలం డ్రైవరుగా చేసి వచ్చినాయనకి టొయోటా పేరు ఎత్తితే చాలు, "ఎడారిలో ల్యాండ్ క్రూజర్ చూశారా అండి? ఆయ్, చూడకపోతే ఇక మాట్లాడకండి" అంటాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు, ముగ్గురివీ వేరువేరు నిజాలు.

బొలేరో 2000లో వచ్చింది. దానికి విడి చాసిస్, వెనక లీఫ్ స్ప్రింగులు, వెనక చక్రాలకే లాగుడు. మేత బస్తాలు వేసుకుని చెరువు గట్టు మీద, వానాకాలంలో పుంతల్లో పోవడానికి అలాంటి కట్టుబడే కావాలి. అదే బండిలో మాస్టారు రాజమండ్రి దాకా వెళ్ళొస్తే నడుం పట్టుకుని దిగుతారు. మాస్టారి కారు చెరువు గట్టు ఎక్కితే వారం తిరక్కుండా కింద గార్డు ఊడుతుంది. రెండు బండ్లలో ఏదీ చెడ్డది కాదు. ఇంత చిన్న సంగతి మీద అంతంత గొంతులు ఎందుకు లేస్తాయంటే, పది లక్షలు పోసి కొన్నవాడికి తన తెలివిని నలుగురూ మెచ్చుకోవాలని ఉంటుంది. బండిని తప్పు పట్టావంటే మనిషిని తప్పు పట్టినట్టే. షెడ్డులో నోరు జాగ్రత్త.

ఈ పంతాలు ఇప్పటివి కావు. ఎదుర్లంకలో పుట్టి లోక్‌సభ స్పీకరు దాకా ఎదిగిన బాలయోగి పేరు పెట్టిన వారధి లేని రోజుల్లో, ఇటునుంచి యానాం వెళ్ళాలంటే కారునైనా పంటు ఎక్కించాల్సిందే. గౌతమీ గోదావరికి ఇక్కడ సముద్రపు పోటు, పాటు రెండూ ఉంటాయి. పాటు వేళ నీరు దిగిపోయి రేవు ఏటవాలుగా తేలేది. పంటు మీద నుంచి చెక్కల మీదుగా ఒడ్డెక్కడానికి మొదటి గేరులో ఇంజను మూలిగేది, క్లచ్ కాలిన వాసన రేవంతా కొట్టేది. ఆ చెక్కల దగ్గరే అంబాసిడర్ వాళ్ళకీ ఫియట్ వాళ్ళకీ తగువు. అంబాసిడర్‌లో ఎనిమిది మంది కూర్చున్నా పడుతుంది, డిక్కీలో కొబ్బరికాయలు పట్టినన్ని పడతాయి. ఫియట్ తేలిక, పెట్రోలు తక్కువ తాగుతుంది. మూడో కారు గురించి మాట్లాడేవాడు అరుదు. దేశంలో కార్లు చేసే కంపెనీలే వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వరసలో కాచుకోవాలి.

అంబాసిడర్ ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి తమ్ముడు. కలకత్తా పక్కన ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 మే దాకా దాన్ని చేస్తూనే ఉంది. "ఆ ఇనుము వేరండి, యాభై ఏళ్ళయినా తిరుగుతోంది" అని పెద్దవాళ్ళు అంటే మర్యాదగా విను, కానీ లోపల లెక్క వేసుకో. తిరుగుతున్నవే మన కంటపడతాయి. తుక్కులో కలిసిపోయినవి సాక్ష్యం చెప్పడానికి రావు. తిరుగుతున్నవాటికి కూడా బోరు ఎన్నిసార్లు చేశారో, రింగులు ఎన్ని మార్చారో, తలుపుల కింద ఎన్ని ప్యాచులు వేశారో అడిగి చూడు. అంబాసిడర్ గొప్పతనం చెడిపోకపోవడంలో లేదు. చెడిపోతే ఏ ఊళ్ళోనైనా, ఏ చెట్టు కిందైనా బాగుచేసేవాడు దొరకడంలో ఉంది. అదీ నమ్మకమే, దాన్ని తీసిపారేయకు.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు అందించాక ఈ లెక్క తిరగబడింది. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు. పొద్దున్నే చోక్ లాగి, తోసి, తిట్టి స్టార్ట్ చేయాల్సిన అవసరం చాలామందికి తప్పింది. దాన్ని అగ్గిపెట్టె అని నవ్వినవాళ్ళే తర్వాత అదే కొన్నారు. రోజూ నమ్మకంగా స్టార్ట్ అయ్యే బండి ఎలా ఉంటుందో ఆ చిన్న కారు దేశానికి చూపించింది. దానికి ముందు కారు కొనడమంటే సగం మెకానిజం నేర్చుకోవడమే.

పేరు మీద మోజు ఎంత దూరం పోతుందో ఒక సరదా సంగతి చెబుతా. 2019లో టొయోటా గ్లాంజా వచ్చింది. అది మారుతి బలెనోయే. గుజరాత్‌లోని సుజుకీ ఫ్యాక్టరీలోనే తయారై, ముందు భాగాన గుర్తు మార్చుకుని వచ్చింది. మన సెంటర్లో ఆ రెండు కార్లూ పక్కపక్కన ఆగితే, గ్లాంజా ఆయన తలుపు వేసి "చూశారా, టొయోటా చప్పుడే వేరు" అంటాడు. బలెనో ఆయన నొచ్చుకుంటాడు. నువ్వు బానెట్ ఎత్తితే ఇద్దరికీ ఒకే ఇంజను కనిపిస్తుంది. అలాగని గ్లాంజా ఆయన పూర్తిగా వెర్రివాడు అనుకోకు. అప్పట్లో బలెనోకి 2 ఏళ్ళు, 40,000 కిలోమీటర్ల వారంటీ ఉంటే, గ్లాంజాకి 3 ఏళ్ళు, లక్ష కిలోమీటర్లు ఇచ్చారు. ఇనుము ఒకటే, మాట వేరు. ఆ మాటకీ కొంత విలువ కట్టాలి.

ఇక నీ షెడ్డుకి రోజూ వచ్చే తలనొప్పి, కొత్త డీజిల్ బండ్లు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 నిబంధన వచ్చాక డీజిల్ కార్ల పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే జల్లెడ చేరింది. ఇంజను విడిచిన మసిని అది పట్టి ఉంచుతుంది. బండి హైవే మీద కాసేపు నిలకడగా పోయినప్పుడు బాగా వేడెక్కి, ఆ మసిని తనే కాల్చేసుకుంటుంది. మన దగ్గర ఒక రైతు పెద్ద డీజిల్ కారు కొన్నాడు. కంపెనీ పేరు నీకెందుకు. ఇంటి నుంచి చెరువుకి, చెరువు నుంచి ఇంటికి, అదీ రెండో గేరులో. మీటరు మీద పసుపు దీపం వెలిగింది. పట్టించుకోలేదు. ఇంజను ఆయిలు చువ్వ తీసి చూస్తే, పోసిన దానికన్నా మట్టం పెరిగి ఉంది. వేలితో రాసి వాసన చూస్తే డీజిల్. మసి కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ పని పూర్తికాక సిలిండరు గోడల వెంట దిగి ఆయిల్లో కలిసింది. ఆయిలు పెరిగిందని ఆయన సంతోషించాడు కూడా! ఆ బండి ఆయనకి దరిద్రం. అదే బండి 216 హైవే మీద రోజూ కాకినాడ వెళ్ళొచ్చే ఆయన అన్నకి బంగారం. అన్నదమ్ములిద్దరూ ఇప్పటికీ దాని మీద దెబ్బలాడుకుంటారు.

పెట్రోలు వాళ్ళ ఫిర్యాదు ఇంకో రకం. మైలేజీ పడిపోయిందని వస్తారు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరుకి లీటరు చూస్తే ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి కొంత తగ్గుదల ఇంధనం లెక్కే. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన బండైతే రబ్బరు పైపులు, సీళ్ళు ఓసారి చూడు. తర్వాత టైర్లలో గాలి చూడు. సగం మైలేజీ తగువులు గాలి పంపు దగ్గరే తీరిపోతాయి.

మన మండలంలో బండికి అసలు శత్రువు ఉప్పు. భైరవపాలెం వైపు నుంచి చేపలూ రొయ్యలూ మోసే వ్యాన్ల నుంచి ఐసు కరిగి ఉప్పునీరు దారి పొడవునా కారుతుంది. చెరువు గట్ల మట్టిలో ఉప్పు, గాలిలో ఉప్పు. కార్లు కడిగేవాళ్ళు పైన అద్దంలా తుడుస్తారు, కిందికి వంగి చూసేవాడు తక్కువ. తలుపు కింది అంచున నీళ్ళు కారిపోవడానికి సన్నని రంధ్రాలు ఉంటాయి. బురద పట్టి అవి మూసుకుపోతే లోపలే నీళ్ళు నిలిచి తలుపు లోపలి నుంచి కుళ్ళుతుంది. పైన రంగు ఉబ్బి పొక్కు కనిపించేసరికి లోపల రేకు ఉండదు. చీపురుపుల్లతో ఆ రంధ్రాలు పొడిచి శుభ్రం చేయడం అయిదు నిమిషాల పని. హైదరాబాదులో పదిహేనేళ్ళు నిగనిగలాడిన మోడలు ఇక్కడ ఎనిమిదో ఏటే ఫ్లోరు ఊడిందంటే, ముందు ఊరిని అనుమానించు, తర్వాత కంపెనీని.

తర్వాతి శత్రువు నీరు. 2022 జూలై వరదలో కోనసీమ లంకల దారులు మునిగినప్పుడు బండ్లకి జరిగిన నష్టంలో కొంత వరద చేసింది, కొంత తాళం చెవి చేసింది. గాలి పీల్చే గొట్టంలోంచి నీరు సిలిండరులోకి చేరితే పిస్టన్ దాన్ని నొక్కలేదు. నీరు నొక్కితే కుంచించుకోదు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్ళలో ఆగిపోయిన బండిని మళ్ళీ మళ్ళీ స్టార్ట్ చేయబోతే జరిగేది అదే. డీజిల్‌లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఇంకా త్వరగా వంగుతుంది. మామూలు బీమా పాలసీలో ఈ ఇంజను నష్టానికి సాధారణంగా డబ్బు రాదు. దానికి ఇంజను రక్షణ అని విడిగా కట్టుకోవాలి. లంకల్లో ఉండేవాళ్ళకి ఈ ముక్క నువ్వే చెప్పు, ఏజెంటు చెప్పినా చెప్పకపోయినా.

ఓనర్లు గట్టితనం, భద్రత ఒకటే అనుకుంటారు. బరువైన రేకు ఉంటే ప్రాణానికి భయం లేదని వాళ్ళ ధీమా. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కార్లను ఎదురుగా గుద్దించి చూస్తే, మన దేశంలో బాగా అమ్ముడయ్యే చిన్న కార్లలో అయిదింటికి సున్నా నక్షత్రాలు వచ్చాయి. వాటిలో ఎప్పుడూ ఆగని, మైలేజీకి పేరుమోసిన కార్లూ ఉన్నాయి. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ అయిదు నక్షత్రాలు తెచ్చుకున్న మొదటి మన దేశపు కారు అయింది. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో ఆ పరీక్షలు ఇక్కడే చేస్తున్నారు. పెనుకొండ ఫ్యాక్టరీలో తయారయ్యే కియా సెల్టోస్‌కి 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో మూడు నక్షత్రాలే వచ్చాయని చెబితే, మన రాష్ట్రపు కారని మురిసిపోయేవాళ్ళు కోపగించుకుంటారు. చెప్పు. కొత్త బండికి లోవ తలుపులమ్మ దగ్గర పూజ చేయించడం ఎవరూ మానరు, మంచిదే. సీటు బెల్టు పెట్టుకోవడం కూడా ఆ పూజలో భాగమని ఎవరైనా పూజారి చెబితే బాగుండును.

ఒక్క బండి అనుభవంతో మోడలు మొత్తానికి తీర్పు ఇవ్వకూడదని పెద్ద దేశాల్లో ఎప్పుడో గ్రహించారు. అమెరికాలో జేడీ పవర్ సంస్థ మూడేళ్ళు వాడిన వేల కార్ల ఓనర్లను అడిగి, నూరు బండ్లకి ఎన్ని సమస్యలో లెక్క కడుతుంది. మీ బాబాయి అక్కడి నుంచి ఫోను చేసినప్పుడల్లా చెప్పే టొయోటా, లెక్సస్ పొగడ్తల వెనక అలాంటి లెక్కలు ఉన్నాయి. మీ షెడ్డులో ఒక నోటు పుస్తకం పెట్టు. బండి, ఏడాది, తిరిగిన కిలోమీటర్లు, ఎక్కడ తిరిగింది, ఏం పోయింది. ఏ కంపెనీ ప్రకటనా మన ఏటిగట్టు రోడ్ల గురించి చెప్పని సంగతులు అందులో పోగవుతాయి.

మంచి బండికీ దిక్కులేని రోజు వస్తుందని కూడా గుర్తుంచుకో. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్ల తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. ఎకోస్పోర్ట్ నడిపినవాళ్ళు దాని స్టీరింగ్ గురించి ఇప్పటికీ మురిపెంగా చెబుతారు. సర్వీసు మాత్రం కొనసాగిస్తామని కంపెనీ మాట ఇచ్చింది. అయినా సెకండ్‌హ్యాండు బేరంలో ధర పడిపోవడం ఆగలేదు. కొనేవాడు ఇంజను కన్నా ముందు స్పేర్ పార్టుల కొట్టు వైపు చూస్తాడు.

ఆదివారం మీ మావయ్య యానాంలో ఒక పాత కారు చూడటానికి వెళ్తున్నాడు. తోడు వెళ్ళు. యానాం పుదుచ్చేరి కిందిది కదా, నంబరు పీవై 04 అయితే పన్ను తక్కువ కట్టి కొన్నారని సంబరపడటం కాదు. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే, మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి, ఇక్కడి జీవిత పన్ను కట్టాలి. ఆ ఖర్చు కలిపాకే అది చవకో కాదో తేలుతుంది. మీరు వెళ్ళేసరికి బానెట్ మీద చెయ్యి వేసి చూడు. వెచ్చగా ఉంటే కాసేపు మాటల్లో పెట్టి చల్లారనివ్వు, చల్లని ఇంజను స్టార్టింగులోనే దాని లోపాలు వినిపిస్తాయి. డ్రైవరు కాళ్ళ కింద కార్పెట్ ఎత్తు. సీటు పట్టాల బోల్టులకి ఎర్రమట్టి, తుప్పు ఉంటే వరద నీరు చూసిన బండి. సర్వీసు పుస్తకంలో కిలోమీటర్లు వరసగా ఉన్నాయో లేదో సరిచూడు. అమ్మేవాడు పానా తగల్లేదని అంటే, ఆయిలు ఎప్పుడు మార్చారని నెమ్మదిగా అడుగు. బేరం మాత్రం మీ మావయ్యనే ఆడనివ్వు. అందులో నువ్వు వేలు పెట్టకు.

మీ తాతయ్య,
ఐ.పోలవరం