మోకాలి కీలు మార్పిడికి ముందు అడుగవలసిన మాట

శస్త్రచికిత్సకు ముందటి రాత్రి నర్సు తెచ్చియిచ్చిన సమ్మతిపత్రముపై, కళ్లజోడైనను పెట్టుకొనక, ఆమె వ్రేలుంచిన చోటనెల్ల సంతకములు చేసి, తెల్లవారి తమ కాలిలో ఇమిడిపోనున్న లోహపు కీలు ఏ కంపెనీదో, ఏ నమూనాదో ఎరుగకయే నిద్రకుపక్రమించు వృద్ధులను నేను పలుమారు చూచితిని. ఆ సంతకము సమ్మతి యగునా?

ఎంత చేయితిరిగిన వైద్యునకైనను క్రొత్త నమూనా ఇంప్లాంటు వచ్చినప్పుడు, దాని పరికరములును, ఎముకను కోయు కొలతలును మారుటచేత, కొంతకాలము అభ్యాసము తప్పదు. ఫిన్లాండు దేశమున 46,000కు పైబడిన మోకాలి మార్పిడులను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనమున, క్రొత్త నమూనాతో ఒక ఆస్పత్రి చేసిన తొలి 15 శస్త్రచికిత్సలలో, అచిరకాలముననే కీలును మరల మార్చవలసివచ్చు ప్రమాదము అధికమని తేలినది. ఇది వైద్యుని అపరాధము కాదు. చేయక ఏ విద్యయు పట్టుబడదు. కాని ఆ అభ్యాసము ఎవరి కాలిమీద జరుగనున్నదో ఆ మనిషికి తెలియవలదా?

చికిత్సాస్వరూపము, ప్రయోజనము, ప్రత్యామ్నాయములు, ముఖ్యమైన ప్రమాదములు, వలదన్నచో కలుగు ఫలితము, ఇవన్నియు తెలిసికొని స్వేచ్ఛగా ఇచ్చినదే సమ్మతియని సమీరా కోహ్లీ వ్యాజ్యమున 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వైద్యుని అనుభవమును అందులో విడిగా పేర్కొనలేదు. కనుకనే రోగి స్వయముగా నోరు విప్పవలెను: “డాక్టరుగారూ, ఈ నమూనాను మీరింతవరకు ఎందరికి అమర్చినారు? మీకు అలవాటైన పాతదానికంటె ఇది నాకెట్లు మేలు?” ఇట్లడిగినప్పుడు అసత్యము పలికి పొందిన సమ్మతి సమ్మతియే కాదని నా దృఢవిశ్వాసము. జవాబును కేసుషీటులో వ్రాయింపుడు.

ఇంప్లాంటు పెట్టెనుండి తీసిన స్టిక్కరును ఆ కేసుషీటులోనే అంటింతురు. నమూనా పేరు, బ్యాచి నెంబరు దానిపై నుండును. 2017 ఆగస్టులో కీళ్ల ధరలకు పరిమితి విధించిన ఉత్తర్వు ప్రకారము బిల్లులోను ఇంప్లాంటు ధర, బ్రాండు, తయారీదారు వివరములు వేరుగా చూపవలెను. రికార్డుల నకళ్లు కోరిన 72 గంటలలో ఇయ్యవలెనని 2002నాటి వైద్యవృత్తి నియమావళి శాసించుచున్నది. ఫలితము చెడినంతమాత్రమున నిర్లక్ష్యము రుజువు కాదు. కాని రుసుము చెల్లించి పొందిన చికిత్సలో నిర్లక్ష్యము జరిగినదనుకొన్నచో, వ్యాజ్యకారణము పుట్టిన రెండేండ్లలోపల వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చును. ఆ స్టిక్కరు నకలును ఇంటనే భద్రపరచుకొనుడు.