బెజవాడలో బిల్లు, విజయనగరంలో కేసు

నెల్లిమర్లలో కొత్తగా పెళ్లయిన ఒక జంట ఉందనుకుందాం. శుక్రవారం రాత్రి విజయనగరంలో రైలెక్కి, శని, ఆదివారాలు బెజవాడలో గడిపి, సోమవారం పొద్దున్నకల్లా డ్యూటీకి వచ్చేయాలని వాళ్ల ఆలోచన. మంచి ఎంపికే. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక కాలువల చుట్టూ ఎదిగిన ఊరది. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్య నుంచే పారతాయి. ఒకప్పుడు సరుకంతా ఆ కాలువల్లో పడవల మీదే నడిచేది. పాత ఆనకట్టకు బదులు 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం గాలికి నడవడం, భవానీ ద్వీపానికి పడవలో వెళ్లడం రెండు రోజులకు సరిపోయే కార్యక్రమమే.

చిక్కల్లా ఫోన్‌లో గది బుక్ చేసేటప్పుడే మొదలవుతుంది. అద్దె 1,800 రూపాయలని కనిపిస్తుంది. పక్కనే ఎర్ర అక్షరాల్లో ‘ఒక్క గదే మిగిలింది’ అని ఉంటుంది. కంగారుగా ముందుకెళ్తే, డబ్బు కట్టే చోట మొత్తం 2,350 అయి కూర్చుంటుంది. రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గది అద్దె మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. అంటే 1,800కి పన్ను 90 రూపాయలు. మిగతా 460 ఎక్కడివి? కిందకు జరిపి చూస్తే ప్రయాణ బీమాకో, విరాళానికో మనం పెట్టని టిక్కు ముందే పెట్టి ఉండొచ్చు. మొదట చెప్పని రుసుములు చివర్లో కలిపి ఉండొచ్చు. లేని తొందర పుట్టించడం, అడగనివి బుట్టలో వేయడం, ధరను విడతలుగా బయటపెట్టడం లాంటి 13 పద్ధతులను అనుచిత వ్యాపార పోకడలుగా గుర్తిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలిచ్చింది. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి. మర్నాటికి అది అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు.

రైలు విషయానికొద్దాం. ఎక్కాల్సిన స్టేషన్‌కి బండి 3 గంటలకు మించి ఆలస్యంగా వస్తోంటే, ప్రయాణం మానుకుని టికెట్ డబ్బు మొత్తం వెనక్కి అడగొచ్చు. ఆన్‌లైన్ టికెట్‌కి బండి అక్కడి నుంచి కదిలేలోపే టీడీఆర్ (డబ్బు వాపసు కోరే దరఖాస్తు) దాఖలు చేయాలి. ఇంటికొచ్చి తీరిగ్గా చేద్దామంటే కుదరదు.

ఆలస్యం వల్ల మిగతా ఏర్పాట్లు చెడిపోతే? 2016 జూన్‌లో రాజస్థాన్ ప్రయాణికుడొకరు అజ్మీర్–జమ్ము ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. బండి 4 గంటలు ఆలస్యమై శ్రీనగర్ విమానం తప్పిపోయింది. టాక్సీకి 15,000 పెట్టుకుని వెళ్లారు. దాల్ సరస్సులో బుక్ చేసుకున్న పడవ డబ్బు 10,000 కూడా పోయింది. అల్వర్ జిల్లా వినియోగదారుల ఫోరం ఆ రెండూ ఇప్పించి, మనోవేదనకూ కోర్టు ఖర్చులకూ వేరుగా కట్టమంది. రైల్వే సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2021 సెప్టెంబరు 6న ఓడిపోయింది. ఆలస్యానికి తగిన కారణం చూపలేకపోతే బాధ్యత రైల్వేదేనని కోర్టు తేల్చింది. పోయిన పడవ డబ్బుకు కూడా లెక్క కట్టారని ఈ జంట గుర్తుంచుకోవాలి.

గది తాళం ఇచ్చేటప్పుడు పెళ్లి ధ్రువపత్రం అడిగితే తడబడనక్కర్లేదు. గుర్తింపు కార్డు చూపాలి, అంతవరకే. పెళ్లికాని వయోజనులైనా ఒకే గదిలో ఉండకూడదనే చట్టమేదీ లేదని 2019 డిసెంబరులో కోయంబత్తూరు కేసులో మద్రాసు హైకోర్టు చెప్పింది. ఇక గదిలో రహస్య కెమెరా దొరికితే అది నేరం. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే.

భోజనం బిల్లులో ‘సర్వీస్ చార్జి’ కనిపిస్తే తీసేయమనొచ్చు. బలవంతంగా వేయకూడదంటూ అదే ప్రాధికార సంస్థ 2022 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలను 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. నీళ్ల సీసా సంగతి వేరు. ప్లాట్‌ఫారం మీద ఎంఆర్‌పీకి మించి పైసా ఇవ్వక్కర్లేదు కానీ, హోటల్లో కూర్చుని తాగితే ఆ పరిమితి వర్తించదని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ తగువు పెట్టుకోకపోవడమే మేలు.

పడవ దగ్గర మాత్రం మొహమాటం అస్సలు వద్దు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. అది అనుమతి లేని పడవ. ఎక్కించుకున్నది పట్టేవాళ్లకంటే ఎక్కువమందిని. సరదాగా బయల్దేరినవాళ్లు శవాలై ఇళ్లకు చేరారు. 2021 నాటి అంతర్గత నౌకల చట్టం ప్రకారం పడవకు రిజిస్ట్రేషన్, తనిఖీ పత్రం, బీమా ఉండాలి. టికెట్ కొనేముందు అవి చూపమని అడగాలి. లైఫ్ జాకెట్ ఇచ్చాక బకిల్ నొక్కి, పట్టీ లాగి చూడాలి. బకిల్ విరిగిన జాకెట్ ఇస్తే మార్చమనాలి, మార్చకపోతే దిగిపోవాలి.

ఇంత జరిగాక చాలామంది ఆగిపోయేది ఒకే మాట దగ్గర: ‘పోన్లెండి, మళ్లీ బెజవాడ ఎవులెల్తారు?’

వెళ్లక్కర్లేదు. 1986 నాటి పాత వినియోగదారుల రక్షణ చట్టంలో అవతలి పక్షం ఉన్నచోటో, వ్యవహారం జరిగినచోటో కేసు వేయాల్సి వచ్చేది. 2020 జులై నుంచి అమల్లో ఉన్న 2019 చట్టం 34వ సెక్షన్ ఆ బెడద తీసేసింది. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయొచ్చు. అంటే నెల్లిమర్ల జంట విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే చాలు. బెజవాడ హోటలే ఇక్కడికి రావాలి.

ముందుగా హోటల్‌ని రాతపూర్వకంగా అడగాలి. జవాబు లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పొచ్చు. చాలా గొడవలు అక్కడే తీరతాయి. తీరకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. అయితే ఒక మాట నిజంగా చెప్పుకోవాలి. క్యాన్సిల్ చేస్తే డబ్బు రాదని ముందే చూసి, ఒప్పుకుని, తర్వాత తామే మనసు మార్చుకుంటే గెలవడం కష్టం. బుక్ చేసిన గది ఇవ్వకపోవడం, చూపిన ఫొటోకీ ఇచ్చిన గదికీ పొంతన లేకపోవడం సేవాలోపాలు. వాటికి బిల్లు, స్క్రీన్‌షాట్, గది ఫొటో జతచేస్తే కేసు నిలబడుతుంది.

గది భర్త ఫోన్ నుంచి బుక్ అయినా, ఆయన సమ్మతితో ఆ సేవ వాడుకున్న భార్య కూడా చట్టం దృష్టిలో వినియోగదారే. ఆవిడ పేరు మీదా ఫిర్యాదు వేయొచ్చు. పైగా 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100కి ఫోన్ చేసినా సరే, విజయనగరంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఆ బిల్లులు పట్టుకుని వెళ్లినా సరే.