పొట్టు లాగే గొట్టం

అన్నదమ్ములిద్దరిదీ వడ్రంగం పని. కొట్టు ఇంటి వసారాలోనే ఉంది. వాళ్ల నాన్న కాలంలో ఉలి, బాడిస, చేతి రంపం ఉండేవి. పొట్టు కింద పడేది. ఇప్పుడు కొట్లో కరెంటు రంపం ఉంది. చిత్రిక పట్టే మిషను ఉంది. చెక్కను నున్నగా రుద్దే చేతి మిషను కూడా ఉంది. పని తొందరగా అవుతోంది. కాని దుమ్ము గాలిలోకి లేస్తోంది.

తమ్ముడికి దగ్గు పట్టుకుంది. పనిలేని రోజున తగ్గేది. పనిలో దిగితే మళ్లీ వచ్చేది. ఆసుపత్రిలో డాక్టరుగారు చూశారు. "ఏం పని చేస్తావు?" అని అడిగారు. చెప్పాడు.

"లావు పొట్టు ముక్కులో ఆగుతుంది. కంటికి కనిపించని సన్న దుమ్ము ఊపిరితిత్తుల దాకా పోతుంది. రెండూ చెడ్డవే. ఆయాసం వస్తుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ముక్కు లోపల క్యాన్సర్ కూడా రావచ్చు" అన్నారు డాక్టరుగారు.

ఇది భయపెట్టే మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒకటి ఉంది. చెక్క దుమ్ము మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని 1995లోనే ఆ సంస్థ ప్రకటించింది.

"మీరిద్దరేనా? సాయంత్రం ఊడ్చేది నేను. ఆ దుమ్ము నేనూ పీలుస్తున్నాను. ఉయ్యాల్లో పిల్లా పీలుస్తోంది" అంది వదిన.

అన్న పట్నం వెళ్లాడు. దుమ్ము లాగే చిన్న వాక్యూమ్ మిషను కొన్నాడు. దానితో వచ్చిన సన్న గొట్టం పక్కన పెట్టాడు. విడిగా 4 అంగుళాల లావు గొట్టం కొని తగిలించాడు. లావు గొట్టమైతే ఎక్కువ లాగుతుంది అనుకున్నాడు.

నాలుగు రోజులు గడిచాయి. దుమ్ము లేస్తూనే ఉంది. గొట్టం ఎత్తి చూస్తే బరువుగా ఉంది. లోపల పొట్టు పేరుకుపోయింది.

మిషన్లు బాగుచేసే మేస్త్రీని పిలిచారు. ఆయన గొట్టం చూసి నవ్వాడు.

"మిషను మంచిదే. గొట్టమే సరిపడలేదు. మన ఊరి కాలువ చూడలేదా? ఇరుకైన చోట నీళ్లు ఉరుకుతాయి. వెడల్పయిన చోట నిదానంగా పోతాయి. అక్కడే ఒండ్రు మేట వేస్తుంది. గొట్టంలో గాలి కూడా అంతే" అన్నాడు.

"మరి గొట్టం ఎంత ఉండాలి మేస్త్రీ గారూ?" అని అడిగాడు తమ్ముడు.

"లెక్క చేద్దాం" అన్నాడు మేస్త్రీ. సుద్దముక్క తీసుకుని చెక్క మీద రాశాడు.

4 అంగుళాలంటే సుమారు 100 మిల్లీమీటర్లు. 2 అంగుళాలంటే సుమారు 50 మిల్లీమీటర్లు.

100 × 100 = 10000
50 × 50 = 2500
2500 × 4 = 10000

వెడల్పు రెండు రెట్లు పెరిగితే గాలి పోయే దారి నాలుగు రెట్లు పెరుగుతుంది. అంతే గాలి ఆ దారిలో పోతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది.

చెక్క పొట్టు గొట్టంలో ఆగకుండా పోవాలంటే గాలి సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో పోవాలి. ఒక మిషను సెకనుకు 40 లీటర్ల గాలి లాగుతుంది అనుకుందాం. 50 మిల్లీమీటర్ల గొట్టంలో ఆ గాలి వేగం సుమారు 20 మీటర్లు. పొట్టు పోతుంది. 100 మిల్లీమీటర్ల గొట్టంలో 5 మీటర్లే. పొట్టు పడిపోతుంది.

"అయితే అన్నిటికీ సన్న గొట్టమే పెడదాం" అన్నాడు అన్న.

"అదీ తప్పే. చిత్రిక మిషను నుంచి రేకుల్లాంటి పొట్టు బోలెడు వస్తుంది. సన్న గొట్టం ఇట్టే పూడుకుపోతుంది" అన్నాడు మేస్త్రీ. మిషన్లలో రెండు రకాలు ఉన్నాయని చెప్పాడు.

చిన్న వాక్యూమ్ మిషను: గట్టిగా పీలుస్తుంది. కాని లాగే గాలి తక్కువ. దీనికి సన్న గొట్టం కావాలి. 27 నుంచి 36 మిల్లీమీటర్ల గొట్టం రుద్దే మిషనుకు, చేతి రంపానికి సరిపోతుంది.

సంచి ఉన్న పెద్ద మిషను: చాలా గాలి లాగుతుంది. కాని పీల్చే బలం తక్కువ. దీనికి 100 మిల్లీమీటర్ల గొట్టం కావాలి. బల్ల రంపానికి, పెద్ద చిత్రిక మిషనుకు ఇది పనికొస్తుంది. దీనికి సన్న గొట్టం పెడితే గాలి ఆడదు.

అన్న లావు గొట్టం తీసేశాడు. సన్న గొట్టం తగిలించాడు. రుద్దే మిషను దగ్గర దుమ్ము బాగా తగ్గింది. పెద్ద మిషను కొనడానికి డబ్బు చాలలేదు. డబ్బు కూడేదాకా చిత్రిక మిషనును పెరట్లోకి మార్చారు. అక్కడ పని చేసేటప్పుడు ఇద్దరూ ఎన్-95 మాస్కు కట్టుకుంటున్నారు. తమ్ముడు డాక్టరుగారు చెప్పిన రోజున వెళ్లి మళ్లీ చూపించుకుంటున్నాడు.

గొట్టం కొనే ముందు

1. పనిముట్టు మూతి బయటి వెడల్పు కొలవండి. మూతి మీద తొడిగే గొట్టం లోపలి వెడల్పు దానికి సరిపోవాలి.
2. దుమ్ము లాగే మిషను మూతి కూడా కొలవండి. కొలతలు కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్లండి.
3. కావలసినంత పొడవే కొనండి. గొట్టం పొడవు పెరిగినా, వంపులు పెరిగినా లాగుడు తగ్గుతుంది.
4. లోపల నున్నగా ఉన్న గొట్టం మేలు. ముడతలు గాలిని ఆపుతాయి.
5. అతుకుల దగ్గర గాలి పోకుండా క్లిప్పు బిగించండి.
6. సంచి నిండకముందే ఖాళీ చెయ్యండి. అప్పుడూ మాస్కు కట్టుకోండి.
7. సన్న చెక్క దుమ్ము భగ్గున అంటుకుంటుంది. దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల వద్దు.

లెక్క చెయ్యండి

ఒక గొట్టం వెడల్పు 30 మిల్లీమీటర్లు. ఇంకో గొట్టం వెడల్పు 90 మిల్లీమీటర్లు. రెండో గొట్టంలో గాలి పోయే దారి ఎన్ని రెట్లు ఎక్కువ?

మాట్లాడుకోండి

మీ ఊళ్లో ఏయే పనుల్లో దుమ్ము లేస్తుంది? ఆ దుమ్ము ఎవరెవరు పీలుస్తున్నారు?