గంజాం ప్రజారోగ్యంలో కొలువులు

గంజాం జిల్లాలో ప్రజారోగ్యం పని ఆసుపత్రిలో కంటే ఊళ్లలోనే ఎక్కువ. మైదానంలో 5,000 మందికి, కొండ ప్రాంతంలో 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలన్నది ప్రమాణం. అక్కడి ఏఎన్ఎం పిల్లలకు టీకాలు వేస్తుంది, గర్భిణులకు బీపీ చూస్తుంది, రక్తం తక్కువైతే ఐరన్ మాత్రలిస్తుంది. ఇంటింటి సమాచారం ఆమెకు చేర్చేది ఆశా కార్యకర్త. 2005లో మొదలైన ఈ వ్యవస్థకు 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పురస్కారం దక్కింది. అయితే ఆశా పని నెలజీతపు ఉద్యోగం కాదు, వచ్చేది ప్రోత్సాహక పారితోషికమే. ఈ సంగతి ముందే తెలుసుకుని దిగడం మేలు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. జనాన్ని ముందే తరలించడంతో 1999 పెనుతుపాను నాటి ప్రాణనష్టం పునరావృతం కాలేదు. ఇలాంటి తుపాను వెలిశాక ఆరోగ్య సిబ్బందికి అసలు పని మొదలవుతుంది: బావుల్లో బ్లీచింగ్ కలపాలి, విరేచనాల కేసులు నమోదు చేయాలి, ఓఆర్ఎస్ పంచాలి. పత్రికల్లో ఫొటోలు పడే పని కాదిది. 2020లో కొవిడ్ వేళ సూరత్ మరమగ్గాల నుంచి తిరిగొచ్చిన వలస కూలీల బాగోగులు చూసిందీ ఈ సిబ్బందే.

తీరంలోని నోలియా జాలరుల ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. జ్వరం ఎన్నాళ్లుగా ఉందో, మందు ఎందుకు మానేశారో వాళ్ల భాషలోనే అడగగలిగే కార్యకర్తకు సగం పని సులువవుతుంది. బరంపురం తెలుగు విద్యార్థులకు ఇది అనుకూలమైన సంగతి.

ఇంటర్ తర్వాత అమ్మాయిలకు రెండేళ్ల ఏఎన్ఎం శిక్షణ ఉంది. జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఈ రెంటిలో ఏది చదివినా సామాజిక ఆరోగ్య శిక్షణతో ఉపకేంద్రంలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ కావచ్చు. రక్తపరీక్షల మీద ఆసక్తి ఉంటే ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా ఉంది. వైద్యవిద్యకు బరంపురంలోనే 1962లో వెలసిన ఎంకేసీజీ కళాశాల ఉంది. డిగ్రీ తర్వాత రెండేళ్ల మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ చేస్తే వ్యాధుల గణాంకాలు, పథకాల పర్యవేక్షణ వంటి పనులకు దారి దొరుకుతుంది. భువనేశ్వర్, హైదరాబాద్‌లలో పబ్లిక్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్‌లున్నాయి.

ఒడిశా ప్రభుత్వ నియామకాల్లో మాత్రం ఒక గడప దాటాలి. అభ్యర్థికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. బడిలో ఒడియా చదవనివారు మిడిల్ స్కూల్ స్థాయి ఒడియా పరీక్ష నెగ్గాలి. నోటిఫికేషన్ వచ్చాక పుస్తకం పడితే ఆలస్యమే. కోర్సులో ఉండగానే ఈ పరీక్ష రాసేయడం మంచిది.