ఎవరూ ఎక్కించుకోని పరికరం: మైక్రోవేవ్ లాండింగ్ సిస్టమ్

పుష్యమాసంలో తెల్లవారుజామున మా చేను గట్టు మీద నిలబడితే పది గజాల దూరంలో కట్టేసిన ఎద్దు కనబడదు. అంత మంచులోనూ పైన శంషాబాద్‌కు పోయే విమానం మోత వినబడుతూనే ఉంటుంది. నేల కనబడకుండా వాళ్ళు దిగేదెలా అన్న సందేహమే నన్ను ఈ వ్యాసం దాకా తెచ్చింది.

ఇప్పుడు లోకమంతటా వాడుకలో ఉన్నది ఐ.ఎల్.ఎస్. అనే పాత పద్ధతి. రన్‌వే చివర నుంచి రెండు రేడియో కిరణపుంజాలు పక్కపక్కనే వెలువడతాయి. ఒకదానిమీద 90 హెర్ట్జ్, ఇంకోదానిమీద 150 హెర్ట్జ్ స్వరం ఎక్కించి ఉంటుంది. రెండూ సమానంగా అందితే విమానం నడిమి గీత మీద ఉన్నట్టు. ఎత్తు తెలపడానికి ఇలాంటిదే మరొక జత. కాక్‌పిట్‌లో రెండు ముళ్ళు అడ్డంగా, నిలువుగా ఉంటాయి. వాటిని మధ్యలో నిలిపితే సుమారు 3 డిగ్రీల వాలులో విమానం దిగుతుంది. చిక్కేమిటంటే, ఎత్తు చూపే పుంజం మామూలుగా ఏంటెనా ముందున్న నేలను తాకి పరావర్తనం చెంది తయారవుతుంది. అందుకని ఆ నేలను మడి చదును చేసినంత శ్రద్ధగా చదును చేయాలి. గడ్డి పెరిగినా, మంచుదేశాల్లో మంచు పేరుకున్నా తేడా వస్తుంది. పైగా దీనికి ఉన్నవి 40 చానళ్ళే, దారి ఒక్కటే.

ఈ లోపాలన్నీ తీర్చడానికి పుట్టింది ఎం.ఎల్.ఎస్. అమెరికా, ఆస్ట్రేలియాలు ముందుకు తెచ్చిన పద్ధతిని 1978లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఎంచుకుంది. నేను దీన్ని గురించి చదువుతుంటే మా నాయిన అడిగాడు: "ఎవ్వలు వాడని మిషను సదివి ఏం జేస్తవ్ బిడ్డా?"

అది పనిచేసే తీరు నాయినకు టార్చితోనే చెప్పాను. నా చిన్నప్పుడు రాత్రి కరెంటుకు బావి కాడికి పోయినప్పుడు నాయిన టార్చిని ఎడమ నుంచి కుడికి, మళ్ళీ కుడి నుంచి ఎడమకు తిప్పేవాడు. ఒకే వేగంతో తిప్పుతున్నాడనుకోండి. నేను కుడి చివర ఉంటే వెలుగు నా మీద పడి, వెంటనే మళ్ళీ పడుతుంది. ఎడమ చివర ఉంటే రెండో వెలుగు చాలాసేపటికి గాని రాదు. అంటే రెండు వెలుగుల మధ్య కాలం కొలిస్తే నేను ఏ కోణంలో ఉన్నానో తెలిసిపోతుంది! ఎం.ఎల్.ఎస్.లో టార్చికి బదులు 5,000 మెగాహెర్ట్జ్ పైచిలుకు పౌనఃపున్యం గల సన్నని కిరణం. అది సెకనుకు 20,000 డిగ్రీల వేగంతో ఊగుతుంది. విమానం ఒక్క డిగ్రీ పక్కకు జరిగితే రెండు స్పందనల మధ్య కాలం 100 మైక్రోసెకన్లు మారుతుంది. మరో కిరణం పైకీ కిందికీ ఊగి ఎత్తు చెబుతుంది. కిరణం సన్ననిది కనుక ముందున్న నేలతో అంత పేచీ లేదు. చానళ్ళు 200. అన్నిటికన్నా గొప్ప సంగతి, విమానచోదకుడు తన ముందున్న పలక మీద తనకు కావలసిన దిశనూ వాలునూ తానే ఎంచుకోవచ్చు.

ఇంత మంచిది ఎందుకు నిలవలేదు? మా ఊళ్ళో ఒకాయనకు డ్రిప్ పైపులు వచ్చాయి, ఫిల్టరు రాలేదు. రెండేళ్ళు ఆ చుట్టలు పశువుల కొట్టం మీదే పడి ఉన్నాయి. ఎం.ఎల్.ఎస్. కథ కూడా అదే. సగం నేల మీద, సగం విమానంలో. కొత్త రిసీవరూ, ఏంటెనాలూ కొనమంటే "ముందు విమానాశ్రయాల్లో పెట్టండి" అన్నారు విమానాల వాళ్ళు. వాడే విమానాలు లేనిదే పెట్టడం దండగని విమానాశ్రయాల వాళ్ళు. ఈలోగా ఉపగ్రహాలు వచ్చాయి. అమెరికా 1994లో తన పథకాన్ని ఆపేసింది. పొగమంచు బాధ ఎక్కువైన లండన్ హీత్రూలో 2009లో వాడుకలోకి తెచ్చినా, కొన్నేళ్ళకు అక్కడా విరమించారు. ఎంతో మెరుగైనదని ఒప్పుకుంటూనే పక్కన పెట్టడం నాకైతే ఇప్పటికీ మింగుడు పడదు.

మన దేశంలో ఇదే చిక్కు ఇప్పుడు 'గగన్'కు వచ్చింది. ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి నిర్మించిన ఈ పద్ధతిలో జి.పి.ఎస్. తప్పులను సవరించి ఉపగ్రహం ద్వారా పంపుతారు. విమానాశ్రయంలో ఖరీదైన ఏంటెనాలు అక్కరలేదు, చిన్న ఊళ్ళకు అనువైనది. 2015లోనే నిలువు మార్గదర్శనానికి అనుమతి వచ్చినా, ఇండిగో వారి ఏ.టి.ఆర్. విమానం రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దీని సాయంతో దిగింది 2022 ఏప్రిల్‌లో. కారణం మళ్ళీ కాక్‌పిట్టే, రిసీవరు లేని విమానాలు ఎక్కువ. 2019 జనవరి నుంచి రిజిస్టరయ్యే ప్రతి విమానంలోనూ అది ఉండాలని 2016 విధానంలో రాశారు గాని, ఆ గడువు తర్వాత ముందుకు జరిగింది.

కాక్‌పిట్ పరికరాలంటే ఎక్కడో విదేశాల మాట అనుకోనక్కరలేదు. పటాన్‌చెరులో బస్సెక్కి పోయేంత దూరంలో, బాలానగర్‌లోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఏవియానిక్స్ విభాగంలో రేడియో ఆల్టిమీటర్లు తయారవుతాయి. కిందికి తరంగాన్ని పంపి, తిరిగొచ్చిన దాన్నిబట్టి నేల ఎంత దూరమో చెప్పే పరికరమది. ఐ.ఎల్.ఎస్. అయినా ఎం.ఎల్.ఎస్. అయినా, మంచులో ఆటోమేటిక్‌గా దిగేటప్పుడు ఆఖరి అడుగుల్లో ముక్కు ఎప్పుడు ఎత్తాలో దీన్ని చూసే తెలుసుకోవాలి.

నాయిన ప్రశ్నకు జవాబుగా ఒక నమూనా చేశాను. చిన్న మోటారు మీద లేజర్ పాయింటరు, గోడ దగ్గర కాంతిని గ్రహించే ట్రాన్సిస్టరు, కాలం కొలవడానికి ఆర్డ్వినో. కోణం రెండు డిగ్రీల దాకా తప్పుతోంది, మోటారు వేగం నిలకడగా లేదు. అసలు పరికరంలో ఏంటెనాను తిప్పకుండా కిరణాన్ని ఎలక్ట్రానిక్‌గా ఎందుకు ఊపుతారో అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. నాయిన వచ్చి చూసి, చేతిలో టార్చి తిప్పుతూ, "నేనే నయం గదా" అన్నాడు. నమూనా మన ఫిజిక్స్ లాబులో ఉంది. మోటారు సంగతి తెలిసిన సీనియర్లు ఒకసారి వచ్చి చూస్తే మేలు.